గ్వెంట్‌లో నమ్మకద్రోహి కార్డులు: ఎదుటివాడికి పాయింట్లు ఇచ్చి మనం గెలిచేది ఎలా?

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. రాజకీయాల్లో ఇలాంటివాళ్లని కోవర్టులు అంటాం. గ్వెంట్ అనే కార్డ్ గేమ్‌లో ఈ కోవర్టులకు ప్రత్యేకంగా కార్డులే ఉన్నాయి. మన డెక్‌లోంచి తీసి ఎదుటివాడి వైపు పెట్టాలి. ఆ కార్డు మీద ఉన్న పాయింట్లు వాడి ఖాతాలో పడతాయి. కొత్తగా ఆడేవాళ్లు ఇది చూసి "మన చేత్తో మనమే వాడిని గెలిపించడం ఏంటి?" అని ఆ కార్డుని పక్కన పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. దాని వల్ల ఒక టోర్నమెంట్ ఫైనల్ పోయింది. ఆ కథ కింద చెప్తాను, ఎందుకంటే ఈ పాఠం మొత్తం అందులోనే ఉంది.

గ్వెంట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి, 2015 మేలో వచ్చిన 'ది విచర్ 3: వైల్డ్ హంట్' గేమ్ లోపల ఉండే చిన్న ఆట. పీసీ, కన్సోల్, స్విచ్, స్టీమ్ డెక్ లాంటి వాటిలో ఆడుకోవచ్చు. రెండోది, అదే కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ విడిగా తెచ్చిన ఆన్‌లైన్ గేమ్. ఇది ఐఫోన్‌కి 2019 అక్టోబర్‌లో, ఆండ్రాయిడ్‌కి 2020 మార్చిలో వచ్చింది. ముందు విచర్ 3 లోపలి ఆటతో లెక్క నేర్చుకుందాం, అక్కడ రూల్స్ సింపుల్. తర్వాత ఫోన్ గేమ్‌కి వెళ్దాం.

ముందు రూల్స్ ఒకసారి

మ్యాచ్‌కి మూడు రౌండ్లు, రెండు గెలిస్తే మ్యాచ్ మీదే. మొదట్లో 10 కార్డులు వస్తాయి, అందులో 2 మార్చుకోవచ్చు. అంతే. ఆ తర్వాత రౌండ్ మారినా మామూలుగా కొత్త కార్డులు రావు. ఆ పదితోనే మూడు రౌండ్లూ లాక్కురావాలి. ఒకరు ఒక కార్డు, తర్వాత ఇంకొకరు ఒక కార్డు. చాలు అనుకుంటే పాస్ నొక్కొచ్చు. ఇద్దరూ పాస్ అయ్యాక ఎవరి పాయింట్లు ఎక్కువ ఉంటే వాళ్లది రౌండ్. బోర్డు మీద కార్డులన్నీ చెత్తకుప్పలోకి వెళ్లిపోతాయి.

రమ్మీ ఆడేవాళ్లకి ఇది త్వరగా ఎక్కుతుంది. చెత్త ముక్కలు పడ్డప్పుడు 20 పాయింట్లకి డ్రాప్ అయిపోతాం తప్ప 80 దాకా కూర్చోం కదా. గ్వెంట్‌లో పాస్ కూడా అలాంటిదే. ఒక రౌండ్ వదులుకోవడం ఓటమి కాదు, ఖర్చు తగ్గించుకోవడం.

ఇక్కడే స్పై కార్డు వస్తుంది. స్పైని ఎదుటివాడి వైపు పెడితే మీ డెక్‌లోంచి 2 కార్డులు చేతిలోకి వస్తాయి. ఒకటి పోయి రెండు వచ్చాయి, అంటే నికరంగా ఒకటి ఎక్కువ. కొత్త కార్డులు రాని ఆటలో ఇది చాలా పెద్ద విషయం.

స్పైలు ఎవరి దగ్గర ఉన్నారంటే:

- నార్తర్న్ రెల్మ్స్: థాలర్ (1 పాయింట్), డైక్‌స్ట్రా (4), ప్రిన్స్ స్టెనిస్ (5)
- నిల్ఫ్‌గార్డ్: వాటియే డి రిడో (4), షిలార్డ్ (7), స్టెఫాన్ స్కెలెన్ (9)
- ఏ ఫ్యాక్షన్ అయినా వాడుకోగలిగేది: మిస్టీరియస్ ఎల్ఫ్ (0). ఇది హీరో కార్డు.

విచర్ కథ తెలిసినవాళ్లకి ఈ పేర్లు చూడగానే నవ్వొస్తుంది. డైక్‌స్ట్రా రెడానియా గూఢచారి వ్యవస్థకి పెద్ద, వాటియే నిల్ఫ్‌గార్డ్ సైనిక గూఢచారులకి పెద్ద, స్కెలెన్ అయితే సొంత చక్రవర్తి మీదే కుట్ర చేసినవాడు. ద్రోహం ఎంత పెద్దదో కార్డు మీద నంబర్ అంత పెద్దది అన్నట్టుంది. అసలు సమస్య ఆ 9 దగ్గరే.

నేను ఓడిపోయిన ఫైనల్

విచర్ 3లో 'హై స్టేక్స్' అని ఒక సైడ్ క్వెస్ట్ ఉంది. నోవిగ్రాడ్ సిటీలో గ్వెంట్ టోర్నమెంట్. ఎంట్రీ ఫీజు కట్టి ఆడాలి, ఒక్క మ్యాచ్ ఓడినా క్వెస్ట్ ఫెయిల్. నేను నిల్ఫ్‌గార్డ్ డెక్‌తో ఫైనల్ దాకా వెళ్లాను. రాత్రి ఒంటిగంట, పొద్దున్నే స్టాండప్ మీటింగ్, మాన్యువల్ సేవ్ చేసింది మూడు గంటల క్రితం.

మొదటి రౌండ్‌లో నా దగ్గర ఇంపెరా బ్రిగేడ్ గార్డులు పడ్డాయి. ఒక్కో గార్డు 3 పాయింట్లే, కానీ పక్కపక్కన చేరితే గుణించుకుంటూ పోతాయి. మూడు ఉంటే ఒక్కోటి 9, మొత్తం 27. నాలుగు ఉంటే ఒక్కోటి 12, మొత్తం 48. మూడు గార్డులు, ఇంకో 4 పాయింట్ల కార్డు కలిపి నాకు 31 ఉన్నప్పుడు ఎదుటివాడు 36 దగ్గర పాస్ అయ్యాడు. నాలుగో గార్డు వేశాను. 52–36. చేతిలో స్టెఫాన్ స్కెలెన్ ఉన్నాడు. "9 పాయింట్లు వాడికెందుకు ఇవ్వాలి, అవసరం పడితే చూద్దాం" అనుకుని వెంటనే పాస్ నొక్కేశాను.

రెండో రౌండ్‌లో రెండు కార్డులు వేసి వదిలేశాను. వాడు గెలిచాడు. స్కోరు ఒకటి ఒకటి.

మూడో రౌండ్. నా దగ్గర రెండు హీరో కార్డులు, ఒక్కోటి 10. ప్లస్ స్కెలెన్. హీరోలు రెండూ వేశాను, 20. వాడు 24 దగ్గర పాస్ అయ్యాడు. ఇక మిగిలింది స్కెలెన్ ఒక్కడే. వేశాను. వాడి స్కోరు 33. నాకు వచ్చిన రెండు కార్డులు 6, 5. రెండూ వేస్తే 31. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయింది.

ఆ రాత్రి పడుకోకుండా మళ్లీ లెక్క వేసుకున్నాను. మొదటి రౌండ్‌లో 52–36 దగ్గర ఎదుటివాడు అప్పటికే పాస్ అయిపోయాడు. అంటే వాడు ఇంక ఏమీ చేయలేడు. నాకు 16 పాయింట్ల మిగులు ఉంది. అప్పుడే స్కెలెన్‌ని వేసి ఉంటే 52–45, రౌండ్ నాదే. ఆ రెండు కార్డులు, 6, 5, అప్పుడే చేతిలోకి వచ్చి ఉంటే మూడో రౌండ్‌లో నేను 20కి 11 కలిపి 31. వాడు 24 దగ్గరే. ఏడు పాయింట్లతో గెలిచేవాణ్ణి. అదే కార్డు, అవే డ్రా కార్డులు. మారేది వేసిన టైమ్ ఒక్కటే.

ఒక్క ముక్కలో చెప్పాలంటే

స్పై వల్ల వాడికి ఇచ్చిన పాయింట్లు ఆ రౌండ్ వరకే బతుకుతాయి. మీకు వచ్చిన కార్డులు మ్యాచ్ చివరిదాకా ఉంటాయి. అందుకే ఆ పాయింట్లకి విలువే లేని రౌండ్‌లో స్పైని వెయ్యాలి.

అలాంటి సందర్భాలు రెండే రెండు:

1. మీరు ఎలాగూ వదిలేయబోయే రౌండ్. 10 తేడాతో ఓడినా ఓటమే, 40 తేడాతో ఓడినా ఓటమే.
2. ఎదుటివాడు పాస్ అయిపోయి, మీకు స్పై పాయింట్ల కన్నా ఎక్కువ మిగులు ఉన్న రౌండ్. 1 తేడాతో గెలిచినా అదే గెలుపు. మిగులు పాయింట్లని తర్వాతి రౌండ్‌కి తీసుకెళ్లలేం.

మేం ఆఫీసులో క్లౌడ్ క్రెడిట్స్ గురించి ఇలాగే మాట్లాడుకుంటాం. నెలాఖరుకి ఎక్స్‌పైర్ అయ్యేవాటిని దాచుకోవడంలో అర్థం లేదు.

చివరి రౌండ్‌లో వేస్తే ఏమవుతుంది?

చివరి రౌండ్‌లో ప్రతి పాయింటూ లెక్కే. అక్కడ చిన్న సూత్రం వాడండి. మీ డెక్‌లో మిగిలిన కార్డుల సగటు విలువ తీసుకుని రెండింతలు చెయ్యండి, అందులోంచి స్పై పాయింట్లు తీసెయ్యండి. వచ్చిందే ఆ స్పై అసలు విలువ.

ఉదాహరణకి సగటు 5 అనుకుందాం. రెండు కార్డులు అంటే 10.

- మిస్టీరియస్ ఎల్ఫ్: 10 – 0 = 10
- థాలర్: 10 – 1 = 9
- డైక్‌స్ట్రా, వాటియే: 10 – 4 = 6
- స్టెనిస్: 10 – 5 = 5
- షిలార్డ్: 10 – 7 = 3
- స్కెలెన్: 10 – 9 = 1

అంటే చివరి రౌండ్‌లో స్కెలెన్ 1 పాయింట్ కార్డుతో సమానం. అదే స్కెలెన్‌ని మొదటి రౌండ్‌లో, వదిలేసే టైమ్‌లో వేస్తే మైనస్ ఏమీ ఉండదు, పూర్తి 10. థాలర్‌కి ఎప్పుడైనా పెద్ద తేడా లేదు. అందుకని చేతిలో ఇద్దరూ ఉంటే స్కెలెన్‌ని ముందు పంపించెయ్యండి, థాలర్‌ని దాచుకోండి. చాలామంది దీనికి రివర్స్‌లో చేస్తారు. చిన్న నంబర్ కాబట్టి భయం లేకుండా థాలర్‌ని ముందు వేసి, పెద్ద నంబర్ చూసి స్కెలెన్‌ని చివరిదాకా దాస్తారు. నేను చేసిందీ అదే తప్పు.

మొదటి రౌండ్ ప్లాన్

మీ చేతిలో ముగ్గురు స్పైలు పడ్డారు, మీరే ముందు ఆడుతున్నారు అనుకుందాం. ఎదుటివాడు మామూలు కార్డులు వేస్తున్నాడు.

మొదటి స్పై: మీ చేతిలో 11, వాడు ఒకటి వేశాక వాడికి 9.
రెండో స్పై: మీకు 12, వాడికి 8.
మూడో స్పై: మీకు 13, వాడికి 7.
ఇప్పుడు పాస్.

రౌండ్ వాడిదే. కానీ మిగిలిన రెండు రౌండ్లకి మీ దగ్గర 13 కార్డులు, వాడి దగ్గర 7. ఇకనుంచి ఒక్క రౌండ్ కూడా ఓడకూడదు, అదొక్కటే రిస్క్. ఆరు కార్డుల తేడా ఉన్నప్పుడు ఆ రిస్క్ తీసుకోవచ్చు. రెండో రౌండ్‌లో మాత్రం అత్యాశకి పోవద్దు. వాడికన్నా కొంచెం పైన ఉంటూ, వాడి చేతిలో కార్డులు ఖాళీ చేయించండి.

ఈ ప్లాన్ పని చేయాలంటే డెక్ సన్నగా ఉండాలి. కనీసం 22 యూనిట్ కార్డులు ఉండాలన్నది రూల్. ఆ 22 దగ్గరే ఆగండి. దొరికిన ప్రతి కార్డునీ డెక్‌లో కుక్కేస్తే స్పై లాగే రెండు కార్డులూ చెత్తవే కావచ్చు. 22 యూనిట్లు, 5 స్పెషల్ కార్డులు కలిపి 27 ఉన్న డెక్‌లో, మొదటి 10కి తోడు ముగ్గురు స్పైలు 6 తెస్తే 16 కార్డులు మీ చేతికి వచ్చినట్టే. డెక్‌లో సగానికి పైనే. గార్డుల లాంటి జట్టు కార్డులు కలిసి పడే ఛాన్స్ కూడా అంతే పెరుగుతుంది.

ద్రోహి మనకే తిరగబడితే

స్పై వేయడంలో నిజమైన రిస్క్ పాయింట్లు కాదు, ఆ కార్డు వాడి చేతికి చిక్కడం. నాలుగు చోట్ల జాగ్రత్త.

*డికాయ్:* ఇది తన వైపు బోర్డు మీదున్న కార్డుని తిరిగి చేతిలోకి తెచ్చే దిష్టిబొమ్మ కార్డు. మీరు పంపిన స్పైని వాడు డికాయ్‌తో తీసుకుని మీ వైపే తిప్పి వేస్తాడు, రెండు కార్డులు లాగుతాడు. కంప్యూటర్ ప్లేయర్లు కూడా ఇది చాలాసార్లు చేస్తారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. థాలర్‌ని దొంగిలిస్తే వాడు మీకిచ్చేది 1 పాయింటే. స్కెలెన్‌ని దొంగిలిస్తే మీకు 9 ఇచ్చుకోవాలి. కాబట్టి దొంగకి స్కెలెన్ కన్నా థాలరే లాభం. హీరోల మీద డికాయ్ పని చేయదు, అందుకని మిస్టీరియస్ ఎల్ఫ్‌ని ఎవరూ ఎత్తుకెళ్లలేరు.

*మెడిక్:* రౌండ్ అయ్యాక మీ స్పై వాడి చెత్తకుప్పలోకి వెళ్తాడు, మీ దాంట్లోకి కాదు. వాడి దగ్గర మెడిక్ ఉంటే తర్వాతి రౌండ్‌లో అదే స్పైని బతికించి మీ వైపు తోలతాడు. దీన్ని ఆపలేం. ఒకటికి రెండు డికాయ్‌లు మన డెక్‌లో ఉంచుకోవడమే మందు. మీ వైపు వచ్చిన స్పైని మళ్లీ ఎత్తుకుని వాడి వైపు పంపొచ్చు.

*కమాండర్స్ హార్న్:* ఇది ఒక వరస మొత్తాన్ని రెట్టింపు చేస్తుంది. థాలర్ తప్ప పై స్పైలందరూ పడేది క్లోజ్ కాంబాట్ వరసలోనే. వాడు ఆ వరసలో హార్న్ పెట్టి ఉంటే మీ స్కెలెన్ 9 కాదు, 18. వేసే ముందు ఒకసారి ఆ వరస చూడండి. ఆ రౌండ్ వదిలేస్తుంటే 18 అయినా పర్లేదు, గెలవాలనుకుంటే మాత్రం ఆగండి.

*సగంలో మనసు మార్చుకోవడం:* ఇది మన తప్పే. "ఈ రౌండ్ వదిలేద్దాం" అని స్పైలు వేసి, వచ్చిన రెండు కార్డులు బాగున్నాయని అదే రౌండ్ గెలవడానికి దిగడం. అప్పటికే వాడికి 15, 20 పాయింట్లు మనమే ఇచ్చేసి ఉంటాం. వచ్చిన కార్డులు తర్వాతి రౌండ్ కోసం అని గుర్తుపెట్టుకోండి.

ఇచ్చిన పాయింట్లని వెనక్కి లాగడం

కొన్ని కార్డులతో కలిపి వాడితే పెద్ద స్పై కూడా బరువు కాదు.

స్కార్చ్ కార్డు బోర్డు మొత్తం మీద అన్నిటికన్నా బలమైన కార్డుని కాల్చేస్తుంది, హీరోలని వదిలేసి. మీ వైపు 9, అంతకన్నా ఎక్కువ ఉన్న మామూలు కార్డులు లేనప్పుడు స్కెలెన్ వాడి వైపు కూర్చుంటే స్కార్చ్ వెళ్లి అటే పడుతుంది. వాడు స్కార్చ్ వేసినా కాలేది వాడి పాయింట్లే. అంటే స్కెలెన్ మీ కార్డులకి గొడుగు పట్టినట్టు.

విల్లెంట్రెటెన్‌మెర్త్ అనే డ్రాగన్ కార్డు ఉంది, 7 పాయింట్లు. ఎదుటివాడి క్లోజ్ కాంబాట్ వరస మొత్తం 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే అందులో బలమైనదాన్ని చంపుతుంది. వాడి వరసలో 6 పాయింట్ల కార్డు ఒక్కటే ఉంటే డ్రాగన్‌కి పని లేదు. స్కెలెన్‌ని కలిపితే 15. డ్రాగన్ దిగి స్కెలెన్‌నే చంపుతుంది. వాడికిచ్చిన 9 పోయింది, మీ దగ్గర రెండు కార్డులు ఉన్నాయి, బోర్డు మీద 7 ఉంది.

బైటింగ్ ఫ్రాస్ట్ వేస్తే క్లోజ్ కాంబాట్ వరసలో హీరోలు కానివన్నీ 1కి పడిపోతాయి, రెండు వైపులా. మీ బలం వేరే వరసల్లో ఉంటే 9 కాస్తా 1 అవుతుంది. దీనికోసమే ఒక కార్డు ఖర్చు చేయకండి, ఎలాగూ ఫ్రాస్ట్ వేసే ప్లాన్ ఉంటే కలిసొస్తుంది.

ఫోన్‌లో ఆడే గ్వెంట్‌లో

ఆన్‌లైన్ గేమ్‌లో వీటికి అధికారికంగా డిస్‌లాయల్ అనే ముద్ర ఉంటుంది. ఎక్కువగా కనిపించేది నిల్ఫ్‌గార్డ్‌లోనే. ఎదుటివాడి వైపు దిగిన యూనిట్‌కి స్పైయింగ్ అనే స్టేటస్ వస్తుంది. పాత ఆటలోలాగా "రెండు కార్డులు లాగు" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. రెండో రౌండ్‌కి, మూడో రౌండ్‌కి ఇద్దరికీ మూడేసి కార్డులు వస్తాయి, చేతిలో 10కి మించి ఉండవు. డిస్‌లాయల్ కార్డు వల్ల వచ్చే లాభం వేరే రూపంలో ఉంటుంది. డెక్‌లోంచి ఇంకో కార్డుని నేరుగా దింపడం, లేదా స్పైయింగ్ స్టేటస్ పడినప్పుడల్లా బలపడే మీ సొంత కార్డులకి మేత వేయడం.

అందుకని ఇక్కడ ప్రశ్న కొంచెం మారుతుంది: లాభం ఇప్పుడే వస్తోందా, తర్వాత రావాలా?

ఇప్పుడే వస్తే లెక్క తేలిక. దిగిన కార్డు విలువలోంచి ఇచ్చిన పాయింట్లు తీసెయ్యండి. తర్వాత రావాల్సిందైతే క్రమం ముఖ్యం. లాభం తెచ్చే కార్డుని ముందు బోర్డు మీద పెట్టండి, అది ఒక టర్న్ బతికాక డిస్‌లాయల్ కార్డు వెయ్యండి. రివర్స్‌లో చేస్తే ఎదుటివాడు మీ అసలు కార్డుని చంపేస్తాడు, మీరిచ్చిన పాయింట్లు మాత్రం వాడి దగ్గరే ఉంటాయి.

మాన్‌స్టర్స్ డెక్‌తో జాగ్రత్త. వాళ్ల కన్స్యూమ్ కార్డులు తమ వైపు యూనిట్‌నే తిని ఆ బలం తెచ్చుకుంటాయి. మీరు పంపిన ద్రోహి వాళ్లకి ఫ్రీ భోజనం. ఇంకోటి, ఒక వరసలో 9 కార్డులే పడతాయి. వాడి వరసలు నిండిపోతే మీ డిస్‌లాయల్ కార్డుకి చోటే ఉండదు. అదే వరసని మీరే ముందు నింపేస్తే వాడు కొత్త కార్డు అక్కడ పెట్టలేడు, అది మీకు లాభం.

ఈ గేమ్‌కి 2023 తర్వాత కంపెనీ నుంచి కొత్త కార్డులు రావడం ఆగిపోయింది. ఇప్పుడు కార్డుల బలాబలాలు ఆటగాళ్ల ఓట్లతో మారుతుంటాయి. అందుకే ఫోన్ గేమ్ కార్డుల నంబర్లు ఇక్కడ ఇవ్వట్లేదు. ఏదో పాత వీడియోలో చూసి డెక్ కట్టకుండా, కార్డుని తెరిచి దాని మీద రాసింది చదివి లెక్క వేసుకోండి.

వేసే ముందు మూడు ప్రశ్నలు

- ఈ రౌండ్‌లో నేనిచ్చే పాయింట్ల వల్ల ఫలితం మారుతుందా? మారకపోతే వెంటనే వెయ్యండి.
- ఇది వాడి చేతికి చిక్కితే నాకెంత నష్టం?
- ఇప్పుడు వెయ్యకపోతే తర్వాత ఇంతకన్నా మంచి టైమ్ వస్తుందా?

మూడో ప్రశ్నే నన్ను ఓడించింది. "తర్వాత చూద్దాం" అన్న ఆ తర్వాత, స్కెలెన్ విలువ 10 నుంచి 1కి పడిపోయింది.

టోర్నమెంట్ సంగతి అడుగుతారేమో. మూడు గంటల వెనక సేవ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను, వారం పట్టింది. రెండోసారి ఫైనల్‌లో స్కెలెన్‌ని మొదటి కార్డుగానే వేశాను. రౌండ్ పోయింది, మ్యాచ్ వచ్చింది. మీరూ రేపటి నుంచి ఐదు మ్యాచ్‌లు ఇలా ఆడి చూడండి. చేతిలో ఉన్న పెద్ద ద్రోహిని మొదటి రౌండ్‌లోనే సాగనంపండి, మూడో రౌండ్‌కి మీ దగ్గర ఎన్ని కార్డులు మిగిలాయో లెక్కపెట్టుకోండి. ఇంకో మాట, ఫైనల్‌కి ముందు సేవ్ చేసుకోవడం మర్చిపోకండి.